మిగిలిన స్క్రూ

ఆదివారం పొద్దున ఏడున్నరకి కళ్లజోళ్లాయన వేసుకున్న పథకం చాలా సాదాగా ఉంది. కుర్చీకి ఆఖరి చెక్క బిళ్ల అతికించాలి. స్నానం చేయాలి. ఎనిమిదిన్నరకి బావమరిది వ్యాను తెస్తాడు. తొమ్మిదికల్లా కుర్చీని లైబ్రరీ హాల్లో పెట్టాలి. పదకొండింటికి భార్య వచ్చి, పదిమంది చూస్తుండగా అందులో దర్జాగా కూర్చోవాలి. ఇందులో తేడా రావడానికి ఏముంది అనుకున్నాడు.

వీధి చివరున్న కళ్లజోళ్ల దుకాణం ఆయనది. ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. భార్య బళ్లో లెక్కలు చెబుతుంది. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం ఆవిడ చెప్పులు విప్పుతూ, "రోజంతా నిలబడే ఉంటాను. ఇంటికొచ్చాక ఊగుతూ కూర్చునే కుర్చీ ఒకటుంటే బావుండు" అంది. కొనేస్తే ఒక్కరోజులో తేలిపోయే వ్యవహారం. "కొనడమెందుకు, నేను చేస్తాను" అన్నాడాయన.

ఆ ఒక్క మాటతో బాల్కనీ ఇంటివాళ్ల చేజారిపోయింది. ఆరేసే బట్టలు మేడ మీదికెళ్లాయి, పూలకుండీలు మెట్ల మీదికి దిగాయి, ఉప్పు డబ్బాలో కూడా రంపపు పొట్టు కనబడింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టింది, పూర్తయ్యాక ముందు తనే కూర్చోవాలని. "నువ్వు కూర్చునేదాకా నేను కూడా కూర్చోను" అని ఆయన మాటిచ్చాడు. ఆ మాట మీద నిలబడి, రెండేళ్లూ ఒక పాత స్టూలు మీదే కూర్చుని పని చేశాడు. పనిలో పడ్డాడంటే ఇక చెవులు ఆయనవి కావు. పక్కన ఎవరేం చెప్పినా "ఊఁ" అంటాడు. ఆ ఊఁకి అర్థం ఏమీ ఉండదని ఇంట్లో అందరికీ తెలుసు.

కుర్చీ పూర్తి కావచ్చిన నెలలోనే లైబ్రరీవాళ్లు ఒక ప్రదర్శన పెట్టారు. ఎవరైనా సరే తీరిక వేళల్లో సొంత చేతులతో చేసిన వస్తువు తెచ్చుకుని, పక్కన కూర్చుని, చూడ్డానికొచ్చినవాళ్లకి దాని సంగతులు చెప్పొచ్చు. తన భర్త చేసిన కుర్చీలో తను మొదటిసారి అక్కడే కూర్చుంటానని టీచరమ్మ బళ్లో అందరికీ చెప్పేసింది. హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా వస్తానన్నారు.

కళ్లజోళ్లాయన ఆఖరి బిళ్ల అతికించాడు. స్క్రూ తలలు కనబడకుండా ప్రతి దాని మీదా గుండ్రటి చెక్క బిళ్ల అతికించడం ఆయన సొంత ఆలోచన. చేతులు తుడుచుకుని, ఎంత ముచ్చటగా కుదిరిందో చూసుకుని, పక్కకి తిరిగాడు. స్క్రూలు వేసుకునే సీసా మూతలో ఒక స్క్రూ ఉంది.

స్క్రూ మిగిలిందంటే ఎక్కడో తగ్గిందన్నమాట అని ఇరవయ్యేళ్లుగా దుకాణంలో పనివాళ్లకి చెబుతున్న మనిషి ఆయన. ఒకసారి బల్ల మీద ఒక స్క్రూ మిగిలితే, ఆ రోజు జోళ్లు పట్టుకెళ్లిన ఏడుగురి ఇళ్లకీ వెళ్లి వెతికొచ్చాడు. కుర్చీకి ఎన్ని స్క్రూలు పట్టాయో ఆయన లెక్క పెట్టుకోలేదు, గుప్పెళ్లతో తెచ్చుకుని బిగించుకుంటూ పోయాడు. ఇప్పుడు ఎక్కడ తగ్గిందో చూద్దామంటే అన్నిటి మీదా బిళ్లలే. అవి పీకితే కుర్చీ మొహమంతా గుంటలు పడుతుంది.

నొక్కి చూశాడు. ఊపి చూశాడు. కుర్చీ కిమ్మనలేదు. దాంతో ఆయనకి భయం ఇంకా పెరిగింది. తగ్గిన స్క్రూ అప్పుడే బయటపడదు. జోడు దుకాణంలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, మనిషి బస్సెక్కేటప్పుడు అద్దం ఊడిపడుతుంది.

అంతలో భార్య కాఫీ తెచ్చింది. "నేను హెడ్‌మిస్ట్రెస్ గారిని తీసుకుని పదకొండింటికి వస్తాను. తమ్ముడే వచ్చి మమ్మల్ని తీసుకెళ్తానన్నాడు. మీ చొక్కా మంచం మీద పెట్టాను. ఆ స్టూలు కూడా పట్టుకెళ్తున్నారా? బిగించారు కదా?"

"ఊఁ" అన్నాడు, కుర్చీ వంకే చూస్తూ.

చెప్పేద్దామా అనుకున్నాడు. రెండేళ్లు పట్టి చేసింది ఇదా అని ఆవిడ అనదు. అదే ఆయన బాధ. ఏమీ అనకుండా లోపలికెళ్లి, మామూలు కుర్చీలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంది. ఆ దృశ్యం కళ్ల ముందు కదిలేసరికి స్క్రూ తీసి, మంచం మీదున్న చొక్కా జేబులో వేశాడు.

బావమరిది ఎనిమిదిన్నరకే వచ్చాడు. గుమ్మంలోంచి కాస్త పక్కకి తిరిగి రావలసిన మనిషి. కుర్చీని చూడగానే మొహం విప్పారింది. "భలే చేశారు బావగారూ. ఓసారి కూర్చుని చూస్తాను."

"వద్దు. వార్నిష్ ఆరలేదు."

అతను వేలు పెట్టి చూశాడు. "ఆరిందే."

"పైన ఆరింది. లోపల ఆరలేదు."

ముప్ఫయ్యేళ్లుగా ఎరిగున్న బావగారు అబద్ధమాడతాడని అతనికి తోచలేదు. వ్యానులో దారి పొడుగునా కళ్లజోళ్లాయన కుర్చీని తలకిందులు చేసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తలకిందులుగా ఉన్న కుర్చీలో ఎవరూ కూర్చోరు కదా.

హాల్లో కుర్చీకి కిటికీ పక్కన చోటిచ్చారు. గుమ్మం దగ్గర అగ్గిపుల్లలతో ఓడ కట్టినాయన, ఈయన పక్క బల్ల మీద కాగితప్పూలు చేసే ఆవిడ. లైబ్రేరియన్ అందరి దగ్గరికీ వెళ్లి, "ఇక్కడ ఏదైనా ముట్టుకోవచ్చు, వాడి చూడొచ్చు, అదే దీని ప్రత్యేకత" అని ఉత్సాహంగా చెబుతోంది. కళ్లజోళ్లాయనకి చెమటలు పట్టాయి. ఒక అట్టముక్క అడిగి తీసుకుని 'దయచేసి కూర్చోవద్దు' అని రాసి కుర్చీకి తగిలించాడు. పక్కనే స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు.

ఆ అట్ట పెట్టేదాకా కుర్చీని ఎవరూ పట్టించుకోలేదు. పెట్టాక హాల్లో ఉన్నవాళ్లంతా అక్కడికే చేరారు. ఎందుకు కూర్చోకూడదని ఒకరు, కూర్చోకపోతే కుర్చీ ఎందుకని ఒకరు. చేతికర్ర పట్టుకున్న పెద్దాయన ఒకరు మూడుసార్లు కూర్చోబోయి మూడుసార్లూ చీవాట్లు తిన్నారు. "మోకాళ్లు లాగుతున్నాయి నాయనా" అంటే, "మెట్ల మీద కూర్చోండి" అన్నాడు కళ్లజోళ్లాయన. అన్నాక తనకే సిగ్గేసింది. ఇంత రద్దీ చూసి లైబ్రేరియన్ ఎక్కడినుంచో తాడు తెప్పించి కుర్చీ చుట్టూ కట్టించింది.

జనం సణుగుతుంటే బావమరిది సర్దిచెప్పబోయాడు. "ఏమనుకోకండి. మా అక్క కోసం చేశారండీ. ఇంకెవర్నీ కూర్చోనివ్వరు." చెప్పేసి, అక్కని తీసుకురావడానికి వ్యానేసుకుని వెళ్లిపోయాడు. వివరాలు చెప్పడానికి ఇక అక్కడెవరూ మిగల్లేదు.

కాగితప్పూల ఆవిడ స్టూలు దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది. "మరి ఆవిడ ఒక్కసారైనా కూర్చున్నారా?"

గడియారం పదింబావు చూపిస్తోంది. "లేదండీ. రెండేళ్లు ఎదురుచూసింది" అన్నాడాయన.

"ఇప్పుడు?"

"ఇప్పుడింక ఎలా కూర్చుంటుంది" అన్నాడు. జోడు తీసి తుడుచుకున్నాడు.

పాపం ఆవిడకి అర్థం కావలసింది అర్థమైపోయింది. ఆవిడ ఇంకా ఏవేవో అడిగింది. కళ్లజోళ్లాయన మనసులో అప్పటికే కుర్చీని విప్పేసి ఒక్కో స్క్రూ వెతుక్కుంటున్నాడు. ముందు కాళ్లకి నాలుగు, ఖాయం. చేతులకి రెండేసి. వీపు పలకకి ఆరా, ఏడా?

"ఆవిడ పోయి చాలా కాలమైందా?"

"ఊఁ."

"ఏడాదా?"

"ఊఁ."

"ఈ పువ్వు అక్కడ పెట్టనా?"

"ఊఁ."

కాసేపటికి కళ్లజోళ్లాయన తల తిప్పి చూస్తే కుర్చీ నిండా తెల్ల కాగితప్పూలు. ఎవరో ఒకరొచ్చి పక్క బల్ల మీద పువ్వు తీసుకుని కుర్చీలో పెట్టి, తల వంచుకుని వెళ్లిపోతున్నారు. చేతికర్ర పెద్దాయన వచ్చి, "తెలీక కూర్చోబోయాను నాయనా, మనసులో పెట్టుకోకు" అని భుజం తట్టి వెళ్లారు. ఆయనకి ఏమీ బోధపడలేదు. పూలున్న చోట ఎవరూ కూర్చోరని మాత్రం బోధపడింది. ఎవరి పుణ్యమో అనుకుని, ఆ పొద్దున మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు.

సరిగ్గా పదకొండింటికి లైబ్రేరియన్ హాలు మధ్యకొచ్చి, "మన మిత్రుడి బాధలో పాలు పంచుకుంటూ రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అంది. అందరూ లేచి నిలబడ్డారు. ఏ మిత్రుడో, ఏం బాధో అని కళ్లజోళ్లాయన కూడా మర్యాదకి లేవబోయాడు. "మీరు కూర్చోండి" అని కాగితప్పూల ఆవిడ ఆపింది.

ఆ మౌనంలో గుమ్మం దగ్గర టీచరమ్మ, వెనకే హెడ్‌మిస్ట్రెస్ గారు, ఆ వెనక బావమరిది కనిపించారు. టీచరమ్మ అగ్గిపుల్లల ఓడాయన దగ్గరికి వంగి అడిగిన మాట, అంత నిశ్శబ్దంలో హాలంతా వినబడింది.

"ఏమైందండీ?"

"కళ్లజోళ్లాయన భార్య పోయిందట. రెండేళ్లు కష్టపడి కుర్చీ చేశాడు, కూర్చోకుండానే పోయిందట పాపం."

"ఎప్పుడు?"

"ఏడాదైందట."

హెడ్‌మిస్ట్రెస్ గారు టీచరమ్మ వంక చూశారు. టీచరమ్మ జనంలోంచి నడుచుకుంటూ తాడు దాకా వచ్చింది. ఆవిడ మొహంలో కోపం ఉంటే ఆయనకి కొంత నయంగా ఉండేది.

"నేను పోయి ఏడాదైందటగా" అంది.

"ఎవరన్నారు?"

"మీరే అన్నారట."

కాగితప్పూల ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నేనడిగితే ఊఁ అన్నారు కదండీ."

"ఊఁ అన్నారా" అంది టీచరమ్మ. ఆ విషయాన్ని అక్కడితో వదిలేసి తాడు విప్పింది. పూలన్నీ జాగ్రత్తగా ఏరి పక్క బల్ల మీద పెట్టింది. అట్టముక్క చదివి, తీసి కింద పెట్టింది. కుర్చీ చేతి మీద చెయ్యి వేసింది.

"వద్దు" అన్నాడు కళ్లజోళ్లాయన.

ఆవిడ చెయ్యి తీయలేదు. "నాకు కూడా వద్దా?" అని చాలా నెమ్మదిగా అడిగింది.

ఆ ప్రశ్నకి ఊఁ అని ఊరుకుంటే కుదరదు. హెడ్‌మిస్ట్రెస్ గారు చూస్తున్నారు, బావమరిది చూస్తున్నాడు, ఏడాది కిందట పోయిన భార్య ఎదురుగా నిలబడి చూస్తోంది. కళ్లజోళ్లాయన జేబులోంచి స్క్రూ తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఇది మిగిలింది. కుర్చీలో ఎక్కడ తగ్గిందో తెలీదు. నువ్వు పడిపోతావని భయమేసింది. నీకు చెప్పాలంటే అంతకన్నా భయమేసింది. రెండేళ్లు నీ బాల్కనీ తీసుకుని, సరిగ్గా చేయలేకపోయానని ఎలా చెప్పను?"

అంటుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి నిజంగానే తిరిగాయి. టీచరమ్మ స్క్రూ తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. పరీక్ష పేపర్లో తప్పు పట్టుకున్నప్పటి చూపు.

"ఇది కుర్చీది కాదు" అంది.

"మరి?"

"స్టూలుది. మంగళవారం ఊడుస్తుంటే స్టూలు కింద దొరికింది. మీ మూతలో వేశాను. దీన్ని బిగించండి, లేకపోతే పడతారు అని చెప్పాను. ఊఁ అన్నారు. ఇవాళ పొద్దున కూడా అడిగాను. ఊఁ అన్నారు."

కళ్లజోళ్లాయన గుండె మీంచి పెద్ద బరువు దిగిపోయింది. కుర్చీలో లోపం లేదు. రెండేళ్ల పని వృథా పోలేదు. హాయిగా ఒళ్లు వదిలేసి, వెనక్కి వాలి, "ఏ స్టూలు?" అన్నాడు.

జవాబు స్టూలే చెప్పింది. ఒక కాలు అటు, మూడు కాళ్లు ఇటు పోయాయి, ఆయన అట్టముక్క మీద చతికిలబడ్డాడు. జోడు ఎగిరి పక్క బల్ల మీది కాగితప్పూలలో పడింది. బావమరిది పరుగెత్తుకొచ్చి లేపబోతే, చేతికర్ర పెద్దాయన, "కాసేపు అక్కడే ఉండనివ్వు, మెట్ల కన్నా అదే నయం" అన్నారు.

దెబ్బ తగల్లేదని ఖాయం చేసుకున్నాక టీచరమ్మ హెడ్‌మిస్ట్రెస్ గారి చేతికి తన సంచి ఇచ్చి, కొంగు సర్దుకుని కుర్చీలో కూర్చుంది. ముందుకి ఊగింది, వెనక్కి ఊగింది. ఎక్కడా చిన్న చప్పుడు కూడా రాలేదు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. ఆవిడ చెప్పులు విప్పేసి, తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకుంది.

ఇంకా కిందే ఉన్న కళ్లజోళ్లాయన, జోడు లేక మసకమసకగా కనబడుతున్న భార్యని ఆత్రంగా అడిగాడు. "ఎలా ఉంది? వీపుకి సరిగ్గా ఆనుతోందా? చేతులు ఎత్తు ఎక్కువయ్యాయా? నా మీద కోపం పోయినట్టేనా?"

ఆవిడ కళ్లు తెరవకుండానే, "ఊఁ" అంది.