ఎవరూ చూడని స్టవ్

"చెబితే ఏం పోతుందిరా? 'స్టవ్ కట్టేశావమ్మా' అని ఒక్క ముక్క. నా నోరేమన్నా అరిగిపోతుందా?" అంది పెద్దావిడ, మూడోసారి.

"ఆ ముక్కే చెప్పొద్దని కదమ్మా డాక్టర్ గారు అన్నది," అన్నారు లెక్కల మాస్టారు, తల్లికి దండం పెట్టినంత పని చేస్తూ.

"ఆవిడకేం, వెయ్యి చెబుతుంది. కోడలు బిక్కమొహం వేసుకుని అడుగుతుంటే నోరు మూసుకోవాల్సింది నేను కదా!"

"నువ్వు చెప్పినకొద్దీ అమ్మ మళ్ళీ మళ్ళీ అడుగుతుంది నానమ్మా. ఆ జబ్బు తీరే అంత," అంది మనవరాలు, కాలేజీ బ్యాగులో పుస్తకాలు కుక్కుతూ.

తగువంతా మాస్టారి భార్య గురించి. ఆవిడ పక్కగదిలో తల దువ్వుకుంటూ అన్నీ వింటూనే ఉంది. రెండేళ్ళుగా ఆవిడకి ఆందోళన జబ్బు. గడప దాటాలంటే చాలు, గుండె దడదడలాడుతుంది, అరచేతులు చల్లబడతాయి, స్టవ్ కట్టేశానో లేదోనన్న అనుమానం పట్టుకుంటుంది. ఎనిమిదిసార్లు చూసుకుని వెళ్ళినా, తొమ్మిదోసారి చూడటానికి సగం దారిలోంచి వెనక్కి వస్తుంది. ఆవిడ పనిచేసేది లైబ్రరీలో. అక్కడా రెండుసార్లు కౌంటర్ వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

నాలుగు నెలల సెలవు తర్వాత ఈరోజే మళ్ళీ పనిలోకి వెళ్తోంది. "ఒంటిగంట దాకా కౌంటర్‌లో నువ్వొక్కదానివే. ఈసారి కూడా మధ్యలో లేచి వెళ్ళిపోతే, నిన్ను పైగదిలో పాత పుస్తకాలకి అట్టలు వేసే పనికి మార్చక తప్పదమ్మా," అని పై అధికారి మెత్తగానే చెప్పింది. అట్టలతో ఆవిడకి పేచీ ఏమీ లేదు. కానీ కావలసిన పుస్తకం దొరికి మురిసిపోయే మొహాలు పైగదికి రావు.

డాక్టర్ చెప్పిన పద్ధతి తేలికైనదే. ఆవిడ ఒక్కసారి చూసుకుని బయల్దేరాలి, ఇంట్లోవాళ్ళు భరోసా ఇవ్వకూడదు. దీనికి మాస్టారు తన సొంత తెలివి కాస్త జోడించారు. "మనం నోటితో చెప్పకపోయినా మొహం చెప్పేస్తుంది. మనకే తెలియకపోతే మొహం మాత్రం ఏం చెబుతుంది? కాబట్టి తను వంటింట్లోంచి బయటికొచ్చాక ఎవ్వరూ స్టవ్ వైపు చూడకూడదు," అని తేల్చారు.

తొమ్మిదింటికి ఆవిడ చెప్పులు వేసుకుంటూ ఆగింది. "ఏమండీ, స్టవ్ కట్టేశానా?"

మాస్టారు గోడ మీది క్యాలెండర్‌ని దీక్షగా చదివారు. కూతురు బ్యాగు జిప్పుతో కుస్తీ పట్టింది. పెద్దావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చి వదిలి, వీధిలోకి నడిచింది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. మాస్టారికి చప్పట్లు కొట్టాలనిపించింది. కూతురు కాలేజీకీ, పెద్దావిడ పార్కులో స్నేహితురాళ్ళ దగ్గరికీ బయల్దేరాక, ఆయన ఇంటికి తాళం వేసి స్కూటర్ మీద బడికి వెళ్ళారు.

పదింటికి ఎనిమిదో తరగతి బోర్డు మీద త్రిభుజం రెండు భుజాల దగ్గర ఆగిపోయింది. స్టవ్ ఎవరు చూశారు? తను చూడలేదు. తల్లీ చూడలేదు, కూతురూ చూడలేదు. చూడొద్దన్న మహానుభావుడు తనే. మాస్టారి గుండె చెవుల్లో కొట్టుకోసాగింది. వరండాలోకి వచ్చి తల్లికి ఫోన్ చేశారు.

"అమ్మా, పొద్దున వంటింట్లోకి గానీ తొంగిచూశావా?"

"చూడొద్దన్నావుగా! నేను మాట తప్పే మనిషినా?"

"మంచిపని చేశావు," అన్నారు మాస్టారు నీరసంగా.

పెద్దావిడకి సంగతి అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. వెంటనే మనవరాలికి ఫోన్ చేసింది. ఆ తర్వాత ఎదురింటి పిన్నిగారికి చేసి, "మా ఇంట్లోంచి పొగేమన్నా వస్తోందేమో చూడవే," అంది. వీధి చివర రోడ్డుకి తారు వేస్తున్నారు. పొగైతే కనిపించింది. అది ఎక్కడిదా అని ఆరా తీసేంత తీరిక పిన్నిగారికి లేదు. నేరుగా ఫైర్ స్టేషన్‌కి ఫోన్ కొట్టింది.

మాస్టారు కడుపునొప్పని చెప్పి బడిలోంచి బయటపడ్డారు. కంగారులో స్కూటర్ ఎంతకీ కదలకపోతే, తాళంచెవి దానికే వదిలేసి ఆటో ఎక్కారు. ఇంటి తాళంచెవి కూడా ఆ గుత్తిలోనే ఉందని గుమ్మం ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది. పెరటి గేటు తీసే ఉందన్నది కూడా తోచక, వెనక గోడ దూకారు. పూలకుండీతో వంటింటి కిటికీ అద్దం పగలగొట్టి, నడుము దాకా లోపలికి దూరి, అక్కడ ఇరుక్కుపోయారు. ఇంత చేసినా స్టవ్ కనిపించలేదు. మధ్యలో ఫ్రిజ్ అడ్డం.

సరిగ్గా అప్పుడే పెరటి గేటులోంచి వచ్చిన పెద్దావిడకి, కిటికీలోంచి వేలాడుతున్న రెండు కాళ్ళు కనిపించాయి. "దొంగ! దొంగ!" అంటూ గొడుగు తిరగేసింది.

"అమ్మా! నేనే!"

"నోర్ముయ్ వెధవా! నా కొడుకు బళ్ళో పాఠం చెబుతున్నాడు!"

మరో రెండు దెబ్బలు పడ్డాక మనవరాలు ఆయాసపడుతూ వచ్చింది. "నానమ్మా, ఆగు! మేజోళ్ళు చూడు, ఒకటి నలుపు, ఒకటి నీలం. నాన్నే!"

ఫైర్ ఇంజన్ గంట కొట్టుకుంటూ వచ్చింది. అమ్మాయి దగ్గరున్న తాళంచెవితో తలుపు తీయించి, ఆఫీసరు లోపలికి వెళ్ళి వచ్చాడు.

"స్టవ్ కట్టేసే ఉంది. సిలిండర్ దగ్గరా కట్టేశారు. గట్టు తుడిచి గుడ్డ కూడా ఆరేశారు. ఇంత పద్ధతైన వంటిల్లు నేను చూడలేదు. ఎవరండీ ఈ ఇంటావిడ?"

"మా ఆవిడే," అన్నారు మాస్టారు కిటికీలోంచే. "ఆవిడకి మాత్రం ఫోన్ చెయ్యకండి సార్, కంగారు పడుతుంది."

ఆఫీసరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. గ్యాస్ కనెక్షన్ ఆవిడ పేరున ఉంది, చెప్పక తప్పదని స్పీకర్ పెట్టి మరీ ఫోన్ చేశాడు. ఇంటికి ఫైర్ ఇంజన్ వచ్చిన సంగతి చెప్పాడు. మాస్టారికి కిటికీలో ఉన్న సగమూ, బయట ఉన్న సగమూ కూడా వణికాయి. అయిపోయింది. ఇక లేచి వచ్చేస్తుంది. ఇక పైగదే.

"మనుషులు బాగున్నారా అండీ?" అంది ఆవిడ.

"బాగున్నారమ్మా. ఒకాయన్ని కిటికీలోంచి తియ్యాలి. స్టవ్ అయితే..."

"అది చెప్పొద్దండీ. ఆయన్ని కాస్త మెల్లగా తియ్యండి, నడుము నొప్పి మనిషి. ఇక్కడ వరసలో నలుగురున్నారు, నేను ఒంటిగంటకి బయల్దేరతాను."

ఫోన్ పెట్టేసింది. పెద్దావిడ గొడుగు మడిచి చంకలో పెట్టుకుంది.

ఒంటిగంటన్నరకి ఆవిడ వచ్చేసరికి ముగ్గురూ సోఫాలో ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని ఉన్నారు. మాస్టారి ఊపిరి ఇంకా సర్దుకోలేదు. ఆవిడ కిటికీ వైపు చూసింది, వీళ్ళ వైపు చూసింది. ఎదురుగా కింద కూర్చుంది.

"నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చండి. ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊఁ, ఒకటి..."

లెక్కల మాస్టారు మూడు దగ్గరే తప్పారు.

"నీకు భయం వెయ్యలేదా అమ్మా?" అంది కూతురు.

"వెయ్యకేం! పదింటికి లేచి నిలబడ్డాను కూడా. అప్పుడే ఒక పెద్దాయన కళ్ళజోడు మర్చిపోయానంటూ వచ్చి, ఈ పుస్తకం ఎలా మొదలవుతుందో చదివి పెట్టమన్నాడు. చదివాను. రెండు పేజీలయ్యేసరికి గుండె కాస్త దారికొచ్చింది."

మాస్టారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క పూటకే ప్రాణం పోయినంత పనైంది. నువ్వు రోజూ దీన్ని మోస్తూనే వంట చేశావు, మమ్మల్ని పంపించావు. నాకు తెలియలేదు."

"తెలియకపోతే ఇన్నాళ్ళు ఓపిక పట్టారా? నా కోసం గోడలు దూకారు, గొడుగు దెబ్బలు తిన్నారు. ఎంతమందికుంటారండీ ఇలాంటివాళ్ళు!" అంది ఆవిడ. ఆ మాటకి పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది.

అన్నాలకి కూర్చున్నాక, కంచాలు సర్దుతూ ఆవిడ మామూలుగా చెప్పింది. "దారిలో డాక్టర్ గారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఈ బుధవారం నాకిచ్చిన టైములో మీ ముగ్గుర్నీ రమ్మన్నారు. నాకెలాగూ కౌంటర్ ఉంది."

ఎవరూ కాదనలేదు. డాక్టర్ గారి గదిలోకి ముందు ఎవరు వెళ్ళాలన్నది మాత్రం బుధవారం దాకా తేలలేదు.