కొండముచ్చు చెయ్యి, ఎలుగుబంటి కండ

ఒక పెద్ద అడవిలో, చింతాలు అనే కొండముచ్చుకు తలలో నరం దెబ్బతిని కుడిచెయ్యి పడిపోయింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చేతికి ఏమీ కాలేదు. దాన్ని కదిలించే దారిని తల మరిచిపోయింది, అంతే. పసిపిల్లేమో చెట్టు మీద పిన్నమ్మల దగ్గరుంది. చెట్టెక్కి పిల్లను ఎత్తుకోవాలి, అదొక్కటే చింతాలు కోరిక.

అడవిలో, పడిపోయిన కాళ్ళూ చేతులూ బాగుచేసే అంగవికాస కేంద్రం ఒకటుంటే, చింతాలు అందులో చేరింది. దాని పెద్ద కొంగయ్యగారు. కదలికల మీద మహా పండితుడు. తను మాత్రం ఒంటికాలి మీద నిలబడితే కదిలేవారు కారు.

అక్కడ ఒకటే నియమం. రోగి తప్పు చెయ్యకూడదు. చెయ్యి వంకర పోతే కేంద్రం పరువు పోతుందట. అందుకని రోగికో ఎలుగుబంటిని పెట్టారు. చింతాలు చేతిని భద్రయ్య అనే ఎలుగు ఎత్తేవాడు, దించేవాడు. ఆమె హాయిగా కునుకు తీసేది.

"ఒక్కసారి నన్ను ఎత్తనియ్యి అన్నా," అందొకనాడు.

"నువ్వెత్తితే వంకరగా వస్తుందమ్మా. నేనెత్తితే చూడు, ఎంత చక్కగా ఉందో."

సింహం తనిఖీకి వచ్చి, చెయ్యి భేషుగ్గా లేస్తోందని మెచ్చుకుంది. ఎవరి బలంతో లేస్తోందని అడగడం తనిఖీలో భాగం కాదు. చింతాలుకు నయమైందని ఇంటికి పంపేశారు. కండలు పెరిగింది భద్రయ్యకే గనక, ఉత్తమ రోగి బహుమతి అతనికిచ్చారు.

తీరా ఇంటి చెట్టు ఎక్కబోతే చెయ్యి లేవలేదు. పరువు కోసం కొంగయ్యగారు భద్రయ్యను కూడా వెంట ఎక్కమన్నారు. ఆ బరువుకు కింది కొమ్మే విరిగింది. భద్రయ్య తుప్పల్లో పడ్డాడు. చింతాలు ఎడమచేత్తో పై కొమ్మకు వేలాడింది.

పైన పిల్ల ఏడుస్తోంది. చింతాలు చెయ్యి పట్టి ఎత్తేవాళ్ళు లేరు. కుడిచెయ్యి తనే చాచింది. కొమ్మ అందలేదు. మళ్ళీ చాచింది, వేళ్ళు బెరడుకు గీరుకున్నాయి. ఇంకొంచెం పైకి, కాదు, ఇంకొంచెం పక్కకి. తప్పినప్పుడల్లా తలకు దారి కాస్త గుర్తొచ్చేది. ఆ రోజుకు అంతే. మర్నాడూ ఎక్కింది, మర్నాడూ జారింది. వానలు వెలిసేసరికి, వంకర చేత్తోనే పిల్లను చంకనెత్తుకుంది.

కొంగయ్యగారు కింద నిలబడి, "అన్నిసార్లు తప్పాక వచ్చిన నయం చెల్లదు. దిగొచ్చి మళ్ళీ చేరు," అన్నారు.

"మెల్లిగా మాట్లాడండి బాబూ, పిల్ల నిద్రపోతోంది," అంది చింతాలు.

పాపం భద్రయ్యకే అలవాటు పోలేదు. తేనె తాగుదామని కూర్చుంటే పక్కవాడి చెయ్యి లేపేవాడు. పక్కవాడు తాగేవాడు. చివరికి అతన్నీ కేంద్రంలో రోగిగా చేర్చుకుని, అతని చేతులెత్తడానికి రెండు ఎలుగులను పెట్టారు.

కాబట్టి పిల్లలూ, ఒక్క తప్పూ చెయ్యకుండా నేర్చుకోవాలంటే, మీ బదులు ఇంకొకరిని నేర్చుకోమనండి.