పెంటదిబ్బకి వెయ్యి అడుగులు

ఒక పెద్ద అడవిలో జంతువులకి దేనికీ లోటుండేది కాదు. తినడానికి మేత, తాగడానికి వాగు, తిట్టుకోవడానికి ఒక పురపాలక సంఘం, అన్నీ ఉండేవి.

ఆ సంఘంలో ఎరువుల పని చూసేది పేడపురుగు బంగారయ్య. అడవి మొత్తం పెంట, మురుగు గుంటల్లో తేరిన బురద, రాలిన ఆకు, కోసిన గడ్డి ఆయన దిబ్బకే చేరేవి. ఒక పాలు బురదకి మూడు పాళ్లు ఎండాకు కలిపించేవాడు. వానపాము మన్నెమ్మ, ఆమె జట్టు దాన్ని గుల్ల చేసి తిరగేసేవాళ్లు. మూడు నెలలు మగ్గితే నల్లటి ఎరువు. వాసన చూస్తే తొలకరి వానలా ఉండేది. ఆ వాసనంటే బంగారయ్యకి ప్రాణం.

ఆ ఏడు పక్క అడవి ఎండిపోయి మందలు మందలుగా జంతువులు వలస వచ్చాయి. నోళ్లు పెరిగాయని మేత పెరగదు. పెంట మాత్రం తప్పకుండా పెరుగుతుంది. చోటు చాలక దిబ్బ నిలువునా లేచింది. లోపల గాలి ఆడక కుళ్లు కంపు మొదలైంది.

"బంగారన్నా, ఇంకో ఎకరం ఇప్పించకపోతే వానలకి ఇదంతా జారి వాగులో పడుతుంది. కింద కుందేళ్ల పిల్లలు తాగేది ఆ నీళ్లే," అంది మన్నెమ్మ.

ఆ మాట బంగారయ్య గుండెల్లో ముల్లులా దిగింది. వెంటనే అర్జీ రాసి, అలవాటు కొద్దీ దాన్ని ఉండ చుట్టి, వెనక కాళ్లతో దొర్లించుకుంటూ సభకి చేరాడు.

"కాస్త దూరంగా నిలబడవయ్యా!" అంటూ సభ్యురాలు నెమలి శిఖామణి రెక్కతో ముక్కు మూసుకుంది.

ఛైర్మన్ ఏనుగు మత్తేభరావు అర్జీ విప్పి చూశాడు. దిబ్బకి రోజూ వచ్చే సరుకులో సగం ఆయనదే. "ఎరువంటే నాకెంత గౌరవమో నీకు తెలుసుగా బంగారయ్యా. ప్రతి ఉపన్యాసంలోనూ చెబుతాను. కానీ ఆ ఎకరం మా ఇంటి పక్కనా?"

"మీ ఇంటి పక్కన కాదండీ, దిబ్బ పక్కన."

"దిబ్బ ఉన్నది మా ఇంటి పక్కేగా!"

మిగతా సభ్యులదీ అదే వరస. ఎరువు కావాలి, దిబ్బ మాత్రం ఎదుటివాడి గుమ్మంలో ఉండాలి. అప్పుడు సభ్యుడూ కార్యదర్శీ రెండూ తానే అయిన నక్క జిత్తులప్ప గొంతు సవరించుకున్నాడు.

"చిన్న నిబంధన పెడదాం. 'ఏ సభ్యుడి ఇంటికైనా వెయ్యి అడుగుల లోపు ఎరువుదిబ్బ ఉండకూడదు, పెంట బండి తిరగకూడదు.' అలాగైతే దిబ్బకి మిగిలే చోటు వాగు గట్టు ఒక్కటే. అక్కడ ఉండేవి కుందేళ్లు. వాటిలో సభ్యులెవరూ లేరు."

సభ చప్పట్లతో మారుమోగింది.

"గట్టు మీద పోస్తే వాగు పాడైపోతుందండీ!" అన్నాడు బంగారయ్య.

"కుందేళ్లని అర్జీ పెట్టుకోమను," అన్నాడు జిత్తులప్ప.

ఈ సభకి నీళ్ల సంగతి చెప్పి లాభం లేదని బంగారయ్యకి అర్థమైంది. వీళ్లకి తలకెక్కేది గొప్పలు మాత్రమే. చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు. "చిత్తం. ఇంతకీ ఎవరి అడుగులండీ? నా అడుగులైతే వెయ్యి వేసినా సభ గుమ్మం దాటను."

"పురుగు అడుగులేమిటి అసహ్యంగా! నా అడుగులు వేసుకో," అంది శిఖామణి.

"మీవి నాజూకైన అడుగులమ్మా. దిబ్బ మరీ దగ్గరికొచ్చేస్తుంది. అదే ఛైర్మన్ గారి అడుగంటే..." అని ఆగిపోయాడు బంగారయ్య.

మత్తేభరావు చెవులు ఆనందంతో టపటపలాడాయి. "రాసెయ్యవయ్యా జిత్తులప్పా. నా అడుగులే!"

జిత్తులప్ప కలం ఒక్క క్షణం తడబడింది. కానీ ఛైర్మన్ గారి అడుగు వద్దని అనగలిగేదెవరు? రాశాడు, ముద్ర కొట్టాడు.

కొలిచే పని ఓవర్సీరు తాబేలు కూర్మారావుది. ఏనుగు అంగకి సరిపోయే వెదురు కర్ర నరికి, ఒక్కో సభ్యుడి ఇంటి చుట్టూ కొలిచి గీత గీసి, నెల తర్వాత తిరిగొచ్చాడు.

"అందరి గీతలూ కలిపితే అడవంతా లోపలే పడిందండీ. వాగు గట్టూ లోపలే. ఇప్పుడున్న దిబ్బా లోపలే."

మర్నాడే బంగారయ్య దిబ్బ దారికి అడ్డంగా ముళ్లకంప పెట్టాడు. "నిబంధన నిబంధనే. మన్నెమ్మా, మీ జట్టుకి సెలవు. బండ్లు కదలవు."

మూడో రోజుకి శిఖామణి నాట్యమాడే చోట ఆకు నడుం లోతు పేరుకుంది. అయిదో రోజుకి మురుగు గుంటలు పొంగాయి. ఏనుగు సంగతి వేరే చెప్పాలా? వారం తిరిగేసరికి మత్తేభరావు గుమ్మం ముందు చిన్న కొండ లేచింది. ఆయన దాని మీదుగా జారుకుంటూ బయటపడి బంగారయ్య దగ్గరికి వచ్చాడు.

"బాబ్బాబు, ఏదో దారి చూడు. నిబంధన రద్దు చేద్దామంటే ఏడాది దాకా కుదరదంటున్నాడు ఆ నక్క."

మబ్బులు అప్పటికే కమ్ముకొస్తున్నాయి. బంగారయ్య ఒక కన్ను ఆకాశం మీద వేసి అన్నాడు. "నిబంధనలో 'సభ్యుడి ఇంటికి' అని ఉందండీ. మామూలు జంతువు ఇంటికి గీతే ఉండదు. దిబ్బా, మీ ఇల్లూ పడింది ఒక్క మీ గీతలోనే."

మత్తేభరావు తొండంతో తల గోక్కున్నాడు. "అంటే, నన్ను రాజీనామా చెయ్యమంటావా?"

"అయ్యో, అంత మాట నేనంటానా? రాసింది చదివానంతే."

పొద్దున్నే అనారోగ్య కారణాలతో ఛైర్మన్ రాజీనామా చేశాడు. ఏనుగు ఇంటి ముందు గుట్ట తియ్యడానికి పిల్లలతో సహా అడవి అడవంతా కదిలింది. తళతళలాడే ఆ గుమ్మం చూసి శిఖామణికి ఉన్నట్టుండి కళాసేవ గుర్తొచ్చింది. ఆమె వెనకే ఎలుగుబంటి, అడవిపంది, మిగిలినవాళ్లు. నాలుగు రోజుల్లో సభలో జిత్తులప్ప ఒక్కడే మిగిలాడు.

అతను తనని తానే ప్రతిపాదించుకుని, తానే బలపరుచుకుని, ఏకగ్రీవంగా ఛైర్మనయ్యాడు. అతని ఇల్లు ఉత్తరం కొండ అంచున. అక్కడి నుంచి వెయ్యి ఏనుగడుగులు వేసినా పాత దిబ్బ అందదు. కొత్త ఛైర్మన్‌కి శంకుస్థాపన ఏదో ఒకటి ఉండాలిగా? చేతిలో ఉన్నది బంగారయ్య పాత అర్జీ ఒక్కటే. ఎకరానికి రెండెకరాలు మంజూరు చేసి, తన పేరున్న రాయి పాతించుకున్నాడు.

మన్నెమ్మ జట్టు రేయింబవళ్లు పనిచేసి దిబ్బని నాలుగు పాయలుగా విడదీసి, ఎండాకు కలిపి, చుట్టూ గట్టు పోసింది. ఆఖరి పార ఎత్తిన సాయంత్రమే వాన దంచికొట్టింది. బంగారయ్య తడుస్తూనే వాగు దాకా పరుగెత్తాడు. నీళ్లు తేటగా పారుతున్నాయి. ఒడ్డున ఒక కుందేలు పిల్లకి నీళ్లు తాగిస్తోంది. ఆయన కాసేపు అక్కడే నిలబడిపోయాడు. మొహం తడిసింది వానకో మరిదేనికో ఆయనకే తెలియలేదు.

అడవిలో ఇక బండి వెళ్లని ఇల్లు ఒక్కటే. ఛైర్మన్ గారిది.

"పాపం బంగారన్నా, కొండ దిగువకీ కొడుతోంది ఆ కంపు," అంది మన్నెమ్మ.

బంగారయ్యకి జాలేసింది. రాజీనామా పత్రం తానే రాసి, ఉత్తరం కొండకి దొర్లించుకుపోయాడు. "ఒక్క సంతకం చాలండీ. మధ్యాహ్నానికల్లా బండి వస్తుంది."

గుమ్మం ముందు లేచిన పెంటగుట్ట అవతల కుర్చీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్న జిత్తులప్ప మెడ చాచి, నాలుగు దిక్కులా గాలి పీల్చాడు.

"కంపా? ఏ కంపు?"

నీతి: కుర్చీ ఉన్నవాడికి ముక్కుతో పనిలేదు.