కార్పెట్ మీద పెంకుపురుగు

మా జిల్లా పేరు ప్రపంచ పటంలో సువర్ణాక్షరాలతో వెలగబోతోందని ప్రకృతి శాఖ డైరెక్టర్ తౌఫీక్ జెబ్లీ గారు ప్రకటించినప్పుడు, విలేఖరిగా ముందు వరుసలో పుదీనా టీ తాగుతున్న నాకు ఒళ్లు పులకరించింది. కారణం ఒక ఆకు పెంకుపురుగు. అట్లాస్ పర్వతాల్లో, మా ఐత్ ఊలీ కొండ మీద తప్ప భూమ్మీద మరెక్కడా లేదట.

"నల్లగా, గుండ్రంగా, ఆలివ్ గింజంత ఉంటుంది. రెక్కల మూతలు రెండూ వీపు మీద అతుక్కుపోయి ఉంటాయి, అందుకే ఎగరలేదు. బెదిరిస్తే నోట్లోంచి ఎర్రటి రసం కక్కుతుంది" అని డైరెక్టర్ గారు చదివి, కళ్లు తుడుచుకున్నారు. "పుట్టిన గడ్డను వదలదు! ఇంత దేశభక్తి మనలో ఎందరికుంది?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వెంటనే ఆర్డర్ వచ్చింది. ఈ పురుగు కనబడ్డ చోట మనిషి గానీ, పశువు గానీ, వాహనం గానీ అడుగు పెట్టరాదు. కొండ చుట్టూ కంచె లేచింది.

గడ్డి ఎదగడానికి వసంతమంతా కొండను మూసి ఉంచి, మేత కాపలాకు ఊరు పెట్టుకున్న గడ్డి పెద్ద "తెరిచాం" అన్న రోజున ఊరంతా గొర్రెలను తోలడం మా తాతల నాటి కట్టుబాటు. ఈ ఏడూ గడ్డి పెద్ద మూహా తెరిచాం అన్నాడు. కంచె దగ్గర గార్డు మాత్రం తెరవలేదు.

అందరికన్నా ముందు ముసలి ఇట్టో మంద నిలబడింది. మొగుడు పోయాక ఆ మందే ఆమెకు దిక్కు.

"ఇంటి దగ్గర గడ్డి పరక లేదు నాయనా. ఈ వారం మేపకపోతే మందంతా సంతలో తెగనమ్ముకోవాలి" అంది.

"పురుగుంది పెద్దమ్మా."

"మా తాత నాడూ ఉంది. గొర్రెలూ ఉన్నాయి. ఇన్నాళ్లలో ఒకదాన్నొకటి పల్లెత్తు మాటన్నాయా?"

"ఆర్డర్ పెద్దమ్మా."

ఆర్డర్ సంగతి తెలియని పురుగులు కొన్ని అప్పటికే కంచె కింద నుంచి దారి మీదికి వచ్చి తాపీగా నడుస్తున్నాయి. ఇట్టో వంగి నాలుగింటిని జాగ్రత్తగా తలగుడ్డ కొంగున ముడేసుకుంది.

మర్నాడు మంత్రిగారు డైరెక్టర్ గారిని సన్మానించడానికి వస్తున్నారు. ఆఫీసులో కొత్త కార్పెట్, బల్ల మీద బాదం కజ్జికాయలు. నేను కజ్జికాయల వైపు కూర్చున్నాను. అంతలో ఇట్టో వచ్చింది.

"కంచె తీయించు బాబూ."

"పురుగు ఉన్న చోట ఎవరూ అడుగు పెట్టకూడదమ్మా. నేనైనా సరే!" అన్నారు డైరెక్టర్ గారు గుండె మీద చెయ్యేసుకుని.

ఇట్టో కొంగు విప్పింది. నాలుగు పురుగులూ కార్పెట్ మీద నడక సాగించాయి.

"అయితే పద బాబూ, బయటికి."

సరిగ్గా అప్పుడే మంత్రిగారు గుమ్మంలోకి వచ్చారు. ఆర్డర్ మీద సంతకం వారిదే. లేపిన కాలు అలాగే ఉంచి అడిగారు.

"జెబ్లీ, ఇది అదేనా?"

డైరెక్టర్ గారు కజ్జికాయలను చూశారు, కార్పెట్‌ను చూశారు.

"అబ్బే, కాదు సార్. వేరే జాతి."

చెప్తూనే ఒకదాన్ని వేలితో తోశారు. అది వేలి మీద ఎర్రగా కక్కింది.

"రక్తం!" అన్నారు మంత్రిగారు.

"గోరింటాకు సార్. మా ఇంట్లో పెళ్లి" అని వేలిని జేబులో పెట్టుకున్నారు డైరెక్టర్ గారు. "ఈ పురుగు పక్క జిల్లాది. ఎగిరొచ్చింది."

"మరి మనది?"

"మన జిల్లాలో అసలు లేదని తాజా పరిశోధనలో తేలింది సార్."

మంత్రిగారు హమ్మయ్య అని కాలు దించారు. క్షణాల్లో సత్యాన్ని కనుగొన్నందుకు డైరెక్టర్ గారికి శాలువా కప్పారు. ఇట్టో పురుగులను ఒక్కొక్కటిగా కొంగులోకి ఏరుకుంది.

"పక్క జిల్లా బిడ్డలు, పాపం. దింపేసి వస్తా" అంది.

మా జిల్లాలో ఆ పురుగు లేదని సాయంత్రానికే ఆర్డర్ వచ్చింది. మర్నాడు కంచె పీకేశారు. మందతో పాటు నేనూ కొండెక్కాను. గొర్రెల కాళ్ల సందున, ఆకు ఆకుకీ ఒకటి చొప్పున, నల్లగా, గుండ్రంగా పురుగులు మేస్తున్నాయి. నేను కెమెరా తీశాను.

ఇట్టో గబగబా వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు నాయనా. లేవని ఆర్డరుంది. ఇప్పుడైనా వాటిని బతకనీ."