దేవవ్వ పోయిన పూట

ఆ పొద్దున లక్ష్మీరాజం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇల్లు ఖాళీ కాగానే తీరిగ్గా కూర్చుని ఒక గంటసేపు ఏడవాలి.

కష్టం వచ్చి కాదు, చదువు కోసం. హైదరాబాదులో అతను చదివే కాలేజీలో వక్తృత్వం, నాటకం అని కొత్త తరగతి పెడుతున్నారు. తల్లి శవం పక్కన కొడుకు ఏడ్చే ఘట్టం చేయించి చూసిన మాస్టారు, "గొంతు బాగానే ఉంది నాయనా, కానీ నువ్వు ఏడుస్తుంటే తహసీలు దండోరా విన్నట్టుంది. ఇంటికి పోయి ఏడుపు నేర్చుకో. సోమవారం మళ్ళీ వింటాను. దరఖాస్తు మీద మీ నాన్న సంతకం లేకపోతే మాత్రం రాకు" అన్నాడు.

అసలు గండం ఆ సంతకమే. తండ్రి గంగారాం కాగితం చూసి మండిపడ్డాడు. "వకీలు అయితడని పట్నం తోలితే మొఖానికి రంగు పూసుకుంటడా? దస్కత్ లేదు, గిస్కత్ లేదు. రేపటి సంది నాగలి వట్టు" అన్నాడు. బాపమ్మ దేవవ్వ అడ్డం పడి, "పోరని ముచ్చట తీరనియ్యిరా" అంటే ఆమెనూ కసిరాడు. ముసలావిడ రెండు రోజులుగా కొడుకుతో మాట్లాడటం మానేసింది. లక్ష్మీరాజానికి అన్నం సయించడం లేదు. ఇవాళ శనివారం.

గంగారాం కామారెడ్డి పోవడానికి ఎల్లారెడ్డి బస్సు అడ్డాకు వెళ్ళాడు. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సును బొగ్గుతో నడుపుతున్నారు, అది రాజుకుని కదలడానికే గంటన్నర పడుతుంది. తల్లి పుట్టింట ఉంది. దేవవ్వ తొక్కుకు మామిడికాయలు తెస్తానని తోటకు పోయింది. ఇంకేం! లక్ష్మీరాజం చాప పరిచి, దాని మీద తలగడ మెత్తలు రెండు మనిషి పొడవున పెట్టి, తెల్లదుప్పటి కప్పి, "అమ్మా!" అని మొదలుపెట్టాడు.

రెండో "అమ్మా"కే పక్కింటి ఈరవ్వ గడపలోకి వచ్చింది. దుప్పటి కింద మనిషిని చూసింది, పక్కన దేవవ్వ మనవణ్ణి చూసింది; కోడలు పుట్టింట ఉంది కాబట్టి పోయింది ముసలావిడే అనుకుంది. ఆ వాడలో ఏడుపు వినబడిన ఇంటికి ఏడుస్తూనే రావాలి. ఎవరు పోయారు, ఎట్లా పోయారు అని అడగడం మర్యాద కాదు. ఈరవ్వ మర్యాద తెలిసిన మనిషి.

"ఎండల వడి వస్తే సల్ల పోస్తివి గదనే దేవక్కా! నా బిడ్డ కాన్పుకు మూడు దినాలు కూసుంటివి గదనే!"

"ఈరవ్వా, గట్ల కాదు..." అన్నాడు లక్ష్మీరాజం.

"చెప్పకు బిడ్డా, నా గుండె పలుగుతది."

అతను నిజం చెప్పవలసిన క్షణం అదే. కానీ ఆ శోకంలో ఎత్తు, విరుపు, ఊపిరి తీసుకునే చోటు వింటుంటే అతనిలోని విద్యార్థి లేచి కూర్చున్నాడు. మాస్టారు అడిగింది ఇదే కదా! ఒక్క నిమిషం విని చెబుదామనుకున్నాడు. ఆ ఒక్క నిమిషంలో తొమ్మిది మంది ఆడవాళ్ళు వచ్చారు. ఊళ్ళో చావు కబురు మోసే పోచయ్య అడ్డా వైపు పరుగెత్తాడు. తరువాత లక్ష్మీరాజం ఎవరూ పోలేదని ఎంత మొత్తుకున్నా, "పాపం, పోరనికి మతి తప్పింది" అని నీళ్ళు తాగించారు.

అంతలో దేవవ్వ మామిడికాయల గంపతో వాడ మలుపు తిరిగింది. తన ఇంట్లోంచి ఏడుపు! కొడుకా, మనవడా? గంప అక్కడే దించి, శోకం అందుకుని, కొంగుల్లో ముఖాలు దాచుకున్న ఆడవాళ్ళ మధ్యనుంచి లోపలికి వచ్చి ఈరవ్వ మెడ మీద పడింది. కళ్ళు మూసుకుని ఇద్దరూ వరస కలిపి ఏడ్చారు. ఈరవ్వే ముందు కళ్ళు తెరిచింది.

"పోయిందెవలే?" అంది దేవవ్వ వెక్కుతూ.

"నువ్వే" అంది ఈరవ్వ గోడకు జరిగి.

దేవవ్వ దుప్పటి ఎత్తి చూసింది, మెత్తలు. మనవడి వైపు చూసింది. అతను చేతులు జోడించి సంగతంతా చెప్పాడు. ఆమె నోరు తెరిచేలోగా వీధిలోంచి గంగారాం గొంతు వినబడింది. దేవవ్వ చటుక్కున మెత్తల మీద దుప్పటి కప్పింది. "ఎవలన్న నోరు తెరిస్తే సూడుండ్రి. నా కొడుకు నాకెట్ల ఏడుస్తడో ఇనాలె" అని తలుపు వెనక నిలబడింది.

గంగారాం వచ్చి చాప పక్కన కూలబడ్డాడు.

"అవ్వా! రెండు దినాల సంది నాతో మాట్లాడకనే పోతివా? పోరన్ని సదువనియ్యిరా అంటే నిన్ను కసిరిన గదనే. నా నాలుక తెగిపోను! ఒక్కపారి కండ్లు తెరువే అవ్వా, గా కాయిదం మీద ఇప్పుడే దస్కత్ చేస్త."

"కండ్లు తెరిసే ఉన్న. చెయ్యి" అంది దేవవ్వ తలుపు వెనకనుంచి వచ్చి.

గంగారాం తల్లిని చూశాడు, తెల్లబోయాడు, ఆమె కాళ్ళు పట్టుకుని ఇంకోసారి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తరువాత దుప్పటి ఎత్తి, కొడుకు కోసం వెతికాడు. కొడుకు అప్పటికే కాగితం, కలం పట్టుకుని వాకిట్లో ఉన్నాడు. అతని ముందు పదిమంది ఆడవాళ్ళు కొంగులు దోపుకుని నిలబడ్డారు.

"అవ్వ ముందట అన్న మాట, గంగన్నా" అంది ఈరవ్వ.

గంగారాం పళ్ళు కొరుకుతూ సంతకం చేశాడు. లక్ష్మీరాజానికి సంతోషంతో నిజమైన ఏడుపే వచ్చింది గానీ, ఆ పూటకు చాలనిపించి మింగేశాడు.

అయితే అడ్డాలో గంగారాం దిగిన సీటులోనే ఎక్కి కూర్చున్న పోచయ్య, కామారెడ్డితో ఆగక రామారెడ్డి దాకా కబురు చేర్చాడు. సాయంత్రం బస్సులో శోకాలు పెట్టుకుంటూ దిగిన పద్నాలుగు మంది చుట్టాలకు దేవవ్వే వంట చేసి వడ్డించింది.