డిస్కుకి కావలివాడు

మంగళవారం పొద్దున్న సైలోసి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసు సర్వరులో ఒక కావలి ప్రోగ్రాము పెట్టాలి, టీ తాగాలి, శుక్రవారం సాయంత్రం బోటెక్కి కోరో దీవికి వెళ్ళాలి. శనివారానికి వాళ్ళమ్మకి డెబ్భై నిండుతాయి. కిందటిసారి పుట్టినరోజుకి సర్వరే అడ్డొచ్చింది. "ఈసారి కూడా రాకపోయావో, నీ కుర్చీలో మీ మావయ్య పందిని కూర్చోబెడతా" అని ఆవిడ ఫోనులో తేల్చి చెప్పింది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి.

సైలోసి పనిచేసేది మా దీవుల రాజధాని సువాలో, రేవు పక్కనున్న బోట్ల కంపెనీలో. ఆ కంపెనీ టిక్కెట్లూ, సరుకు రసీదులూ అన్నీ ఒకే ఒక్క పాత డిస్కు మీద బతుకుతున్నాయి. మేనేజరు ఊర్మిళా లత మేడమ్‌కి ఆ డిస్కు మీద నమ్మకం తక్కువ.

"మనిషికి జ్వరమొస్తే ఒళ్ళు పట్టుకుని చూస్తాం. దీనికొస్తే ఏం పట్టుకుని చూడాలి?" అందావిడ.

"అందుకే కదా మేడమ్ ఈ కావలివాణ్ణి పెడుతున్నది. డిస్కు ఎంత చదువుతోందో, ఎంత రాస్తోందో, ఒక్కో పనికి ఎంతసేపు కాచుకుంటోందో అన్నీ లెక్క తీసి తెర మీద గీత గీసి చూపిస్తాడు. గీత పచ్చగా ఉంటే ఆరోగ్యం. ఎర్రబడితే రోగం."

"శుక్రవారానికి గీత పచ్చగా ఉంటేనే నీ సెలవు" అంది మేడమ్.

సైలోసి కావలివాణ్ణి సర్వరులో దింపాడు. అయిదు నిమిషాలకోసారి లెక్క తీస్తే చాలు. అయితే అసలు పనిచేస్తున్నాడో లేదో చూద్దామని ముందు సెకనుకోసారి తీయమన్నాడు. చూశాక మార్చేద్దామనుకున్నాడు. సరిగ్గా అప్పుడే టిక్కెట్ల కౌంటరు నుంచి లితియానా, "తమ్ముడూ, బన్నులు చల్లారిపోతున్నాయి, వెన్న కరగదు మళ్ళీ" అని కేకేసింది. వెచ్చని బన్ను ముందు సెకనేమిటి, నిమిషమేమిటి. అతనికి ఆ సంగతి మళ్ళీ గుర్తు రాలేదు.

మధ్యాహ్నానికి గీత ఎర్రబడింది.

"ఇది పోయేలా ఉందయ్యా" అంది మేడమ్.

"పోదు మేడమ్. ఎవరో దీని మీద మొయ్యలేని బరువు పెడుతున్నారు" అన్నాడు సైలోసి. అక్కడితో ఊరుకోక, సాయంత్రం టీ దగ్గర అందరి ముందూ, "సర్వరులో ఎవరో చెయ్యకూడని పని చేస్తున్నారు. కావలివాడు అంతా రాసుకుంటున్నాడు, జాగ్రత్త" అని దండోరా వేశాడు. టీ తాగుతున్న వాళ్ళలో ముగ్గురికి బన్ను గొంతు దిగలేదు.

మర్నాడు పొద్దున్నే గోదాం చూసే జోసెఫా వచ్చాడు. అతనిది కందవు దీవి. కందవు వాళ్ళకీ కోరో వాళ్ళకీ బావల వరసని ఎప్పుడో కలుపుకున్నారు. వెక్కిరింపులకి హద్దు లేదు. అలాంటి జోసెఫా నవ్వకుండా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముందు యంగోనా వేళ్ళ కట్ట, దంచి నీళ్ళలో కలిపి తాగితే మత్తెక్కేది, పెట్టి, మూడుసార్లు చేతులు చరిచాడు. తప్పు చేసినవాడు యంగోనాతో వచ్చి కూర్చున్నాక అవతలివాడు కట్ట ముట్టుకోవాల్సిందే. ముట్టుకున్నాక ఆ తప్పు ఊసు మళ్ళీ ఎత్తకూడదు.

"బావా, రగ్బీ ఆటలన్నీ ఆ డిస్కు మీదే దాచుకున్నాను. క్షమించు."

సైలోసి కట్ట ముట్టుకున్నాడు. ఏదైనా తుడిచే ముందు నకలు తీసుకోవడం అతని అలవాటు. ఆటలకి నకలు తన సొంత కంప్యూటరులోకి తీసి, డిస్కు మీదవి తుడిచేశాడు. గీత మాత్రం ఎర్రగానే ఉంది. 'దొంగ ఇంకా లోపలే ఉన్నాడు' అనుకుని, ప్రతి ప్రోగ్రామునీ విడివిడిగా గమనించమని కావలివాడికి చెప్పాడు. కౌంటరు ఇంకొంచెం నెమ్మదించింది.

గురువారం లితియానా కట్ట పట్టుకుని వచ్చింది. "మా చర్చి పాటల సాధనంతా అందులోనే ఉంది తమ్ముడూ. దేవుడి పాటలు కదా, బరువుండవనుకున్నా" అని కళ్ళొత్తుకుంది. పాటలూ పోయాయి. గీత ఇంకా ఎర్రబడింది. సైలోసికి పట్టుదల పెరిగి, తీసిన ప్రతి లెక్కా డిస్కు మీద భద్రంగా పడిందని రూఢి చేసుకున్నాకే ఇంకోటి రాయమన్నాడు. ఆ దెబ్బతో ఒక్క టిక్కెట్టు వచ్చేలోగా జనం రేవులో చాపలు పరుచుకుని కునుకు తీయసాగారు.

శుక్రవారం పొద్దున్న మేడమ్ వచ్చి, "ఇక లాభం లేదు. కొత్త డిస్కు తెప్పిస్తున్నా. శని, ఆదివారాలు నువ్విక్కడే" అంది. సైలోసికి కుర్చీలో కూర్చున్న పంది కళ్ళ ముందు కనబడింది.

మధ్యాహ్నం మేడమే మళ్ళీ వచ్చి తలుపు వేసింది. మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ నేల మీద కూర్చుని, సంచీలోంచి కట్ట తీసి పెట్టింది. "మా అమ్మాయి పెళ్ళి వీడియో. నాలుగు కెమెరాలు పెట్టించారు మా ఆయన. ఇంట్లో చోటు లేక ఇక్కడ పెట్టాను. ఎవరికీ చెప్పకు నాయనా."

సైలోసి కట్ట ముట్టుకుని, ఆవిణ్ణి లేపి, పెళ్ళికి నకలు తీసి తుడిచాడు. గీత అంగుళం కూడా దిగలేదు.

ఇక అనుమానించడానికి ఆఫీసులో మనిషి మిగల్లేదు. అప్పుడు చూశాడు, మూడు రోజులుగా తన కళ్ళ ముందే ఉన్న పట్టీని. డిస్కు మీద అందరికంటే ఎక్కువగా రాస్తున్నవాడి పేరు అన్నిటికంటే పైన ఉంది. కావలివాడు! సెకనుకోసారి లెక్క తీసి, అదే డిస్కు మీద రాసి, రాసినందువల్ల పెరిగిన బరువుని మళ్ళీ లెక్క తీసి రాస్తున్నాడు. కంచే చేను మేసింది. ఆ కంచె వేసింది తనే.

కావలివాణ్ణి ఆపేశాడు. బయట కౌంటరులో టిక్కెట్ల యంత్రం పేలాలు వేగినట్టు టపటపలాడింది. చాపల మీది జనం లేచి నిలబడ్డారు.

సైలోసి ఎవరికీ చెప్పకుండా బోటెక్కేయొచ్చు. కానీ ఆ మూడు కట్టలూ బల్ల మీద నుంచి అతన్నే చూస్తున్నాయి. వాళ్ళ కట్టలు వాళ్ళకే ఇస్తే అవమానం. బజారుకి పరిగెత్తి అన్నిటికంటే పెద్ద కట్ట తెచ్చి, ముగ్గుర్నీ పిలిచి, నేల మీద కూర్చుని చేతులు చరిచి నిజం చెప్పాడు.



"దొంగని పట్టడానికి కోరో వాళ్ళు దొంగనే కాపలా పెడతారని మా తాత అంటే నమ్మలేదు బావా" అన్నాడు జోసెఫా.

"నా పాటలో?" అంది లితియానా.

"అన్నీ ఉన్నాయక్కా. నకళ్ళు తీశాను."

ముగ్గురూ కట్ట ముట్టుకున్నారు. "క్షమించాం. నాలుగు కట్టలూ ఇప్పుడే దంచి కలపాలి, అందరం తాగాలి" అంది మేడమ్.

"నా బోటు మేడమ్..."

"మన బోటు ఏనాడు వేళకి కదిలింది గనక?" అంది ఆవిడే, కంపెనీ మేనేజరు. అందరూ పడీపడీ నవ్వారు. సైలోసీ నవ్వాడు. కొబ్బరి చిప్ప చేతులు మారుతూ తిరిగింది. నాలుకలు మొద్దుబారాయి. మూడు రోజుల బరువు దిగి అతని ప్రాణం హాయిగా ఉంది.

అంతలో బోటు కూత వినిపించింది.

టిక్కెట్లు ఇట్టే అయిపోవడంతో, కంపెనీ పుట్టాక మొదటిసారి బోటు వేళకి బయల్దేరింది. యంగోనా కాళ్ళతో నలుగురూ రేవుకి పరిగెత్తేసరికి అది అరచేతంత కనబడుతోంది.

"రేపు పొద్దున్న సిమెంటు బోటుంది. కెప్టెనుకి నేను చెప్తాలే" అంది మేడమ్, ఎటో చూస్తూ.

సైలోసి ఫోను మోగింది. వాళ్ళమ్మ.

"బోటు వేళకే బయల్దేరిందటగా! మీ పిన్ని కొడుకు అందులోంచే ఫోను చేశాడు. నువ్వే బాగు చేశావట. నా కడుపు నిండిందిరా నాయనా! ఇంతకీ నీ దగ్గర గాలి హోరు వినబడదేం?"

"రేవులో ఉన్నానమ్మా."

"అప్పుడే చేరిందా? ఏ రేవు?"

"బయల్దేరిన రేవు."

"సరే. రేపు నువ్వొచ్చేదాకా పంది కూర్చుంటుంది. వచ్చాక లేపుతా" అని పెట్టేసింది.

ఆ సాయంత్రం సువా మొత్తం మీద ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నవి రెండే: కంపెనీ డిస్కూ, రేవు మీద సైలోసీ.