అరవై సీసాల గ్యాసు మాయం

"ఒరేయ్ వాకీం, ఈ కొండ మీద ఒక మహామేధస్సు తుప్పు పట్టిపోతోందిరా!" అన్నాడు తన్నూస్, నా రొట్టెల కొట్టు గుమ్మంలో నిలబడి, కోటు కాలరు పైకెత్తుకుని.

"ఎవరిది?" అన్నాను పిండి పిసుకుతూ.

"నాదే!"

తన్నూస్ ముప్పై ఏళ్లు కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఊళ్లో ప్రతి ఇంటి పెరటి గుమ్మమూ తెలుసు గనక తాను పుట్టు డిటెక్టివునని అతని నమ్మకం. పోయిన ఏడాది మా చర్చి ఫాదర్‌గారి కళ్లజోడు పోతే పదకొండు రోజులు శోధించి, చివరికి దాని మీద కూర్చుని కనిపెట్టాడు. పేరు అతనిది తన్నూస్. అతని పరిశోధనల్లో తన్నులు మాత్రం నావి.

అంతలో హన్నే వచ్చింది. తల మీద శాలువా, శాలువా మీద మంచు, చేతిలో ఒక సీసా. దాన్ని బల్ల మీద పెట్టి మూత ఊడదీసింది.

ఏ చప్పుడూ లేదు.

"విన్నారా?" అంది.

"ఏమీ వినపడలేదే!" అన్నాను.

"అదే నా ఏడుపు! బీరన్నాక ఫుస్సుమనాలా వద్దా?"

ఆమె భర్త ఇలియాస్ ఉన్నన్నాళ్లూ ప్రతి చలికాలం ఇంట్లోనే బీరు కాచేవాడు. ఆయన పోయాక ఇదే మొదటిసారి. కూతురు రిమొండా తన పెళ్లికి నాన్న బీరే ఉండాలని పట్టుబడితే, ఆయన నోటుపుస్తకం చూసి హన్నే స్వయంగా కాచింది. సీసాకింత చక్కెర వేసి, మూతలు బిగించి మూడు వారాలైంది. ఈస్టర్ తర్వాతి ఆదివారమే పెళ్లి. అంటే నెల కూడా లేదు.

"వియ్యంకుడు గత్తాస్ రోజూ దెప్పుతున్నాడు," అంది హన్నే. "'వదినగారూ, మీ బీరు గడ్డి కడిగిన నీళ్లలా ఉందట, నా అరక్ పంపించనా?' అని. మూడు తరాలుగా సారా కాచే కొంప వాళ్లది. నా మొగుడి పేరు పెళ్లి పందిట్లో పోతుందన్నా!"

తన్నూస్ కళ్లు మెరిశాయి. సీసాకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"చెల్లెమ్మా, గుండె రాయి చేసుకో. ఇది చోరీ. సీసా ఉంది, బీరు ఉంది, గ్యాసు లేదు. అంటే గ్యాసు దొంగతనం!"

"మూత తియ్యకుండా గ్యాసెలా తీస్తాడు?" అన్నాను.

"అదే వాడి గొప్ప! నేను వెతుకుతున్నది మామూలు దొంగని కాదురా."

హన్నే ఇంటి కింద రాతి నేలమాళిగలోకి దిగాం. పళ్లు టకటకలాడే చలి. అరవై సీసాలు పటాలంలా వరసగా నిలబడి ఉన్నాయి. తన్నూస్ నా కొట్లోంచి తెచ్చిన పిండిని వాటి మీద ఊది, భూతద్దం పట్టి, గంటసేపు ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశాడు.

"దొరికాడు! అన్ని సీసాల మీదా ఒకే మనిషి వేలిముద్రలు. లావుపాటి బొటనవేలు. మధ్యలో అడ్డంగా గాటు. క్రూరుడి వేలు!"

నేను అతని బొటనవేలి వంక చూశాను. అతనూ చూసుకున్నాడు. వెంటనే చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఆధారాన్ని తారుమారు చేశారు," అన్నాడు గంభీరంగా.

సాక్ష్యం కోసం ఆరు సీసాలు మోసుకొచ్చి, నా కొట్లో పొయ్యి వెనక గోడ అలమరలో పెట్టి తాళం వేశాడు. ఆ వేడికి ఏ దొంగా చెయ్యి పెట్టడట. తాళంచెవి పోకుండా నన్ను మింగమన్నాడు. ఒప్పుకోలేదు. తన దగ్గరే పెట్టుకున్నాడు. సాయంత్రానికి పోయింది.

మర్నాడు తిన్నగా గత్తాస్ సారా బట్టీకి నడిచాడు. నేను వెనకే, కాళ్లీడ్చుకుంటూ.

"పోయిన నెల ఇరవై నాలుగో తారీకు, ఆ సీసాలకి మూతలు బిగించిన రోజు మధ్యాహ్నం ఎక్కడున్నారు మీరు?"

"మీ ఇంట్లో! నీ పన్ను నొప్పికి నా అరక్ పుక్కిలిస్తూ నా ఒళ్లోనే పడి ఏడ్చావు కదయ్యా."

"ఓహో! మత్తు ఇచ్చి, నన్ను పక్కకి తప్పించి, వియ్యపురాలి బీరులో గ్యాసు లాగేశారన్నమాట!"

గత్తాస్ మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "నేను దొంగనా? నిన్ను పంపి నాకు దొంగతనం అంటగట్టిన ఇంటి పిల్లని నేను కోడలిగా తెచ్చుకోవాలా?"

కబురు మాకంటే ముందే హన్నే ఇంటికి చేరింది. ఆ తర్వాత పది రోజులు ఊళ్లో ఎవరూ పెళ్లి మాట ఎత్తలేదు. రిమొండా నా కొట్టుకి వచ్చి రొట్టె తీసుకుని, తినకుండానే వెళ్లిపోయేది. తన్నూస్ ఆమెను చూసి తల దించుకునేవాడు. అతను తల దించుకోవడం నేను అప్పుడే చూశాను.

చివరికి నేనే ఇరుపక్షాలనీ మధ్యాహ్నం కొట్టుకి రమ్మన్నాను. వేడి రొట్టెల మధ్య మనుషులు మెత్తబడతారని నా ఆశ. గత్తాస్ ఒక బెంచీ మీద, హన్నే ఒక బెంచీ మీద, ఎడమొహం పెడమొహంగా.

"క్షమాపణ చెప్పరా," అన్నాను.

తన్నూస్ లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "గత్తాస్‌గారూ, నా మేధస్సు ఒక్కోసారి నా అదుపులో..."

ఢాం!

"కాల్పులు! పడుకోండి!" అంటూ తన్నూస్ పిండి తొట్టెలోకి దూకాడు. మళ్లీ ఢాం! అలమర తలుపు సందుల్లోంచి నురగ ధారగా కారుతోంది. గత్తాస్ ఒక్క గుద్దుతో తాళం పగలగొట్టాడు. రెండు సీసాల మూతలు ఎగిరిపోయాయి. మిగతా నాలుగూ బుద్ధిగా ఉన్నాయి.

హన్నే ఒకటి తీసి మెల్లగా మూత వదులు చేసింది.

ఫుస్స్... స్స్... స్స్!

గ్లాసులో వంచితే తెల్లటి నురగ మూడు వేళ్లెత్తు లేచి నిలబడింది. ఒక గుక్క తాగి, ఆమె బెంచీ మీద కూలబడింది.

"వెచ్చదనం," అంది. "దానికి వెచ్చదనం కావాలి. ఆయన సీసాల డబ్బాలన్నీ పడకగదిలో పొయ్యి పక్కనే పేర్చేవాడు. 'ఇల్లా, గోదామా ఇది, కాలు పెట్టే చోటు లేదు' అని ముప్పై ఏళ్లు తిట్టాను. నవ్వి ఊరుకునేవాడు గానీ ఎందుకో చెప్పలేదు. ఈసారి ఇల్లు శుభ్రంగా ఉండాలని కిందకి దింపేశాను. చక్కెర తిని గ్యాసు పుట్టించే ఈస్టు చలికి నిద్రపోయింది."

గత్తాస్ లేచి, ఆమె చేతిలో గ్లాసు అందుకుని, ఖాళీ చేసి, మీసం మీద నురగ తుడుచుకున్నాడు.

"వదినగారూ, ఇలియాస్ చేతి బీరే ఇది. నా అరక్ ఇంట్లోనే ఉంచుతాను. ముందు ఆ మిగతా సీసాల్ని పైకి మోయిద్దాం పదండి."

తొట్టెలోంచి పిండి ముద్ద ఒకటి తలెత్తింది. "నేను ముందే అనుకున్నాను," అంది. "నేరస్థుడు చలి! అందుకే సాక్ష్యాన్ని వేడిలో పెట్టాను!"

ఆ పూట నాకు కొట్టే ఓపిక లేకపోయింది.

పెళ్లినాడు విందు మధ్యలో తన్నూస్ కుర్చీ ఎక్కి, గ్యాసు కేసును తానెలా ఛేదించాడో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే రిమొండా కళ్లెగరేసింది. పందిట్లో యాభై సీసాల మూతలు ఒక్కసారిగా లేచాయి. ఆ ఫుస్సుల్లో, జనం కేరింతల్లో తన్నూస్ నోరు చాలాసేపు కదిలింది. ఏం చెప్పాడో ఇవాళ్టికీ ఊళ్లో ఎవరికీ తెలియదు.